ఇల్లందు నుంచి మణుగూరు దాకా: సింగరేణిలో మార్పులు, కార్మికులు

దక్షిణ భారతంలో బొగ్గు తవ్వకం ఖమ్మం, భద్రాచలం అడవుల అంచున ఉన్న ఇల్లందులో మొదలైంది. భద్రాచలం రామయ్య దర్శనానికి పోతున్న యాత్రికులు దారిలో వంటకు పొయ్యి పెడితే నల్లరాళ్లు అంటుకున్నాయని, బొగ్గు సంగతి అలా బయటపడిందని ఈ ప్రాంతంలో చెప్పుకుంటారు. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇక్కడి నిక్షేపాలను గుర్తించాడు. ప్రధానమైన పొరను నేటికీ కింగ్ సీమ్ అనే పిలుస్తారు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు పొంది, 1889 నుంచి బొగ్గు తీసింది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1937లో కొత్తగూడెంలోనూ గనులు తెరుచుకున్నాయి.

కంపెనీ యాజమాన్యం పలుమార్లు చేతులు మారింది. 1945లో నిజాం ప్రభుత్వం మెజారిటీ వాటాలు కొన్నది. 1956లో రాష్ట్రాల పునర్విభజనతో అవి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి వచ్చాయి. తర్వాత కేంద్రం భాగస్వామిగా చేరి, వాటాలు రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతంగా స్థిరపడ్డాయి. 2014లో రాష్ట్ర వాటా తెలంగాణకు దక్కింది. అయితే బాయిలోకి, అంటే గనిలోకి దిగే మనిషి రోజువారీ బతుకును యాజమాన్యం కన్నా యంత్రాలే ఎక్కువగా మార్చాయి. 1948లో షటిల్ కార్లు, లోడర్లు, కన్వేయర్లు వచ్చాయి. 1950లో కార్మికుల తలమీద విద్యుత్ క్యాప్ ల్యాంపులు వెలిగాయి. 1953లో ఆవిరి యంత్రాల చోట విద్యుత్ వైండింగ్ ఇంజన్లు అమర్చారు.

ఇన్ని యంత్రాలు వచ్చినా బొగ్గు ఎత్తే పని చాలాకాలం మనుషుల చేతుల మీదే నడిచింది. షాట్‌ఫైరర్ మందుగుండుతో పేల్చాక కూలిన బొగ్గును ఫిల్లర్లు, అంటే బొగ్గు నింపే కార్మికులు, తట్టా చెమ్మసులతో ఎత్తి, సుమారు టన్ను పట్టే టబ్బుల్లో నింపేవారు. ఉక్కపోతలో, బొగ్గుదుమ్ములో షిఫ్టంతా ఇదే పని. కూలి నింపిన టబ్బుల లెక్కన వచ్చేది. చేవ ఉన్న ఫిల్లర్ ఎక్కువ టబ్బులు నింపి ఎక్కువ సంపాదించేవాడు. ఖాళీ టబ్బులు సమయానికి అందకపోతే అతని చేయి ఆగిపోయేది. అలాంటి రోజున దక్కేది ఫాల్‌బ్యాక్ వేతనం, అంటే హామీ ఉన్న కనీస కూలి మాత్రమే. అందుకే టబ్బుల కొరత లాంటి చిన్న విషయం కూడా అప్పటికప్పుడు గని ఆగిపోయే గొడవగా మారేది.

1981లో సైడ్ డిశ్చార్జ్ లోడర్లు, అంటే ఎస్‌డీఎల్ యంత్రాలు ప్రవేశించాక ఈ పని పద్ధతి కదిలింది. ఒక ఆపరేటర్, కొద్దిమంది సహాయకులు కలిసి ఫిల్లర్ల గుంపు చేసే పని చేయగలిగారు. తట్ట మోసే కష్టం తగ్గింది, దానితోపాటు టబ్బు లెక్కన సంపాదించే దారీ మూసుకుపోయింది. ఫిల్లర్లలో చాలామంది రోజు వేతనంపై జనరల్ మజ్దూర్లుగా మారారు. కొందరు దూరపు ఏరియాలకు బదిలీ అయ్యారు. ఏళ్ల తరబడి ఒకే ముఠాగా పనిచేసిన వాళ్లు విడిపోయారు.

1990ల మొదట్లో సింగరేణి కార్మికుల సంఖ్య 1.16 లక్షలకు చేరింది. ఏటా వందల కొద్దీ సమ్మెలు జరిగేవి. గని గనికీ పోటీ సంఘాలు ఉండటంతో ఒకరితో కుదిరిన ఒప్పందాన్ని మరొకరు ఒప్పుకునేవారు కాదు. నష్టాలు పేరుకుని 1992లో ఒకసారి, 1996లో మరోసారి కంపెనీ ఖాయిలా పరిశ్రమల పునరుద్ధరణ బోర్డు అయిన బీఐఎఫ్ఆర్ ముందుకు వెళ్లింది. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు అప్పుల భారాన్ని సర్దుబాటు చేసి ఆదుకున్నాయి.

గట్టెక్కడానికి డబ్బు ఒక్కటే సరిపోలేదు. 1998లో రహస్య బ్యాలెట్ ద్వారా గుర్తింపు సంఘాన్ని ఎన్నుకునే పద్ధతి పెట్టారు. తొలి ఎన్నికలో ఏఐటీయూసీ కార్మిక సంఘం గెలిచింది. యాజమాన్యం ఎవరితో మాట్లాడాలో, ఎవరి సంతకం చెల్లుతుందో అప్పటికి తేలింది. మల్టీ డిపార్ట్‌మెంటల్ టీములు గనులకు వెళ్లి టన్ను బొగ్గుకు అయ్యే ఖర్చు, అమ్మకం ధర, యంత్రం నడిచిన గంటలు, నష్టం లెక్కలు కార్మికుల ముందు పెట్టాయి. సింగరేణి సేవా సమితి కార్మిక కుటుంబాల దగ్గరకు చేరింది. లాభాలు మొదలయ్యాక వాటిలో కార్మికులకు వాటా ఇచ్చే ఆనవాయితీ వచ్చింది. 2023–24 లాభాల పంపిణీ నాటికి అది 33 శాతమైంది.

ఉద్యోగుల సంఖ్యను తగ్గించడంలోనూ సింగరేణి దారి వేరు. బ్రిటన్‌లో 1984–85 సమ్మె ఓడిపోయాక గనులు వరుసగా మూతపడి ఊళ్లకు ఊళ్లే ఉపాధి పోగొట్టుకున్నాయి. ఇక్కడ సామూహికంగా తొలగించకుండా పదవీ విరమణలతో, స్వచ్ఛంద విరమణ పథకంతో సంఖ్యను కుదించారు. దీని భారం తర్వాతి తరం మీద పడింది. తండ్రి ఉద్యోగం కొడుక్కి వచ్చే వారసత్వ పద్ధతి 1990ల చివరి నుంచి ఆగిపోయింది. దాన్ని తిరిగి తెచ్చే ప్రయత్నాన్ని 2017లో హైకోర్టు కొట్టేసింది. సుప్రీంకోర్టూ ఆ తీర్పును మార్చలేదు. ఆ తర్వాత ఉద్యోగంలో ఉండగా చనిపోయిన లేదా మెడికల్ అన్‌ఫిట్ అయినవారి వారసులకు కారుణ్య నియామకాలు మాత్రమే మిగిలాయి.

ఇంతలో బొగ్గు తీసే పద్ధతి భూగర్భ గనుల నుంచి, పై మట్టిని తొలగించి తవ్వే ఓపెన్‌కాస్టుకు మళ్లింది. 1975లో గోదావరిఖనిలో మొదలైన ఈ పద్ధతి మణుగూరు, ఇల్లందు, సత్తుపల్లి వైపూ విస్తరించింది. 1990–91లో 2 కోట్ల టన్నుల లోపే ఉన్న ఉత్పత్తి 2023–24లో 7 కోట్ల టన్నులకు చేరింది. పర్మినెంట్ ఉద్యోగులు సుమారు 42 వేలకు తగ్గారు. బొగ్గుపై ఉన్న మట్టిని తొలగించే పనిలో పెద్ద భాగం కాంట్రాక్టర్ల చేతికి పోయింది. 2024 నాటికి కాంట్రాక్టు కార్మికులు సుమారు 25 వేలు. వేతనాల కోసం వీరు 2022 సెప్టెంబరులో సమ్మె చేశారు. 2024లో తొలిసారి లాభాల బోనస్‌గా వీరికి తలా 5 వేల రూపాయలు అందాయి.

లెక్కలు కార్మికుల ముందు పెట్టి, ప్రత్యామ్నాయ పనీ, లాభంలో వాటా చూపించినప్పుడు సింగరేణిలో మార్పు నిలిచింది. అయితే ఆ ఒప్పందాల ఫలం చాలావరకు పర్మినెంట్ ఉద్యోగుల దగ్గరే ఆగిపోయింది. 2023 డిసెంబరు 27న జరిగిన ఏడో గుర్తింపు ఎన్నికలో మళ్లీ ఏఐటీయూసీ గెలిచింది. అందులో ఓటేసిన వాళ్లంతా పర్మినెంట్ ఉద్యోగులే. అవే గనుల్లో పనిచేసే కాంట్రాక్టు కార్మికులకు ఆ ఎన్నికలో ఓటు లేదు.