తొలి సమాధులు ఎవరివి?

1347 నుండి కొద్ది సంవత్సరాల్లోనే ఐరోపా జనంలో సుమారు మూడో వంతు నుండి సగం మందిని పొట్టన పెట్టుకున్న మహా తెగులును చరిత్రలో బ్లాక్ డెత్ అంటారు. అది ప్లేగు. ఎలుకలు, వాటి ఒంటి మీద రక్తం పీల్చే చిన్న పురుగులు దాన్ని మోసుకెళ్ళాయి.

దాని తొలి జాడ మనలాంటి విశ్వాసుల సమాధుల్లోనే దొరికింది. నేటి కిర్గిజ్‌స్తాన్‌లో, ఇస్సిక్-కుల్ సరస్సు ప్రాంతంలో, పాత క్రైస్తవ శ్మశానాలు ఉన్నాయి. అక్కడ తేదీలు చెక్కిన రాళ్ళు 467. వాటిలో 118 రాళ్ళు 1338, 1339 సంవత్సరాలవే. కొన్ని రాళ్ళ మీద, చావుకు కారణం తెగులని సిరియాక్ భాషలో చెక్కి ఉంది. అక్కడ పాతిపెట్టిన వారి పళ్ళలో ప్లేగు క్రిమి జాడ ఉందని 2022లో శాస్త్రవేత్తలు తేల్చారు.

1346లో ఆ తెగులు నల్ల సముద్రపు రేవు కఫాను తాకింది. 1347 అక్టోబరులో ఓడల మీద సిసిలీలోని మెస్సీనాకు చేరింది. 1348లో ఫ్లోరెన్స్, పారిస్, లండన్ నగరాలకు పాకింది. రోగుల దగ్గరికి వెళ్ళిన పాదిరులు ఎందరో చనిపోయారు. ఆ క్రిమిని 1894లో హాంకాంగ్‌లో అలెగ్జాండర్ యెర్సిన్ కనిపెట్టే వరకు రోగానికి కారణం ఎవరికీ తెలియలేదు.

కారణం తెలియని చోట నింద పుట్టింది. యూదులు బావుల్లో విషం కలిపారని పుకారు లేచింది. యూదులు కూడా ఇదే తెగులుతో చస్తున్నారు కదా, యూదులు లేని చోట్ల కూడా తెగులు ఉంది కదా అని పోపు ఆరవ క్లెమెంటు 1348లోనే ఆజ్ఞాపత్రాలు రాశాడు. జనం వినలేదు. 1349 ఫిబ్రవరి 14న స్ట్రాస్‌బర్గ్‌లో వందల మంది యూదులను కాల్చి చంపారు. అప్పటికి తెగులు ఆ ఊరికి ఇంకా రానే లేదు! చంపినవారు క్రీస్తు పేరు పెట్టుకున్నవారే.

సిలోయము గోపురము కూలి చనిపోయిన పద్దెనిమిది మంది ఇతరులకంటె ఎక్కువ పాపులు కారని ప్రభువు చెప్పిన సంగతి వారికి తెలియనిది కాదు. మనకూ తెలుసు. అయినా ఊళ్ళో జ్వరాలు వస్తే ఎవరి పాపమో, ఎవరు చేతబడి చేశారో అని మనం గుసగుసలాడుకుంటాం. ఒంటరి ముసలమ్మ వైపు వేలు చూపిస్తాం. ఆ వేలు దించుదాం. రోగి ఇంటికి గంజి తీసుకుని వెళ్దాం, ఆసుపత్రికి తోడు వెళ్దాం, ఆ ఇంట్లో కూర్చుని ప్రార్థన చేద్దాం.