మేదినీపూర్ నేర్పిన బేరం



ఈనాటి ప్రసంగంలో విషయం మరుగుదొడ్డి. అది వినగానే కొందరు ముఖం చిట్లించవచ్చు. కానీ ఊరవతల చెరువుగట్టు మీద చీకటి పడేదాకా కాచుకుని కూర్చున్న ఆడవాళ్ల కష్టం తెలిసినవారెవరూ ఇది చిన్న విషయం అనరు. మన దేశంలో ఊళ్లకు సేవ చేయబోయిన కార్యకర్తలు మరుగుదొడ్డిని ఉచితంగా పంచడం మాని, అమ్మడం ఎలా నేర్చుకున్నారో, ఆ నేర్పు ఎంతవరకు పనికొచ్చిందో, ఎక్కడ ఆగిపోయిందో చెప్పుకుందాం.

1981 నుంచి 1990 వరకు గల పదేళ్లను ఐక్యరాజ్యసమితి తాగునీటి, పారిశుధ్య దశాబ్దంగా ప్రకటించింది. ఆ దశాబ్దంలో మన పల్లెల్లో చేతిపంపులు చాలా పడ్డాయి. మరుగుదొడ్లు మాత్రం వెనుకబడ్డాయి. 1986లో కేంద్ర ప్రభుత్వం గ్రామీణ పారిశుధ్య కార్యక్రమాన్ని మొదలుపెట్టి, ఖర్చులో అధిక భాగాన్ని తానే భరిస్తూ దొడ్లు కట్టించింది. అయినా 1991 జనాభా లెక్కల్లో పల్లెల్లో ప్రతి నూరిళ్లకు మరుగుదొడ్డి ఉన్నవి పదికి లోపే తేలాయి.

కట్టించిన దొడ్లలో కూడా చాలావాటిలో మేకలు కట్టేశారు, కట్టెలు పేర్చారు, ధాన్యపు బస్తాలు దాచారు. అది చూసి అధికారులు "పుణ్యానికి పుట్టెడిస్తే పిచ్చకుంచమని పోట్లాడినట్టు" అన్నారు. తప్పు పల్లెవాళ్లదేనన్నది వారి తీర్పు. కానీ కాస్త ఆగి ఆలోచించాలి. ఆ దొడ్డి ఎక్కడ కట్టాలో ఇంటివాళ్లను అడిగినవారు లేరు. అది ఎలా పనిచేస్తుందో చెప్పినవారు లేరు. బేసిన్ పగిలితే కొత్తది ఏ అంగట్లో దొరుకుతుందో ఎవరికీ తెలియదు. మేస్త్రీ కంట్రాక్టరుతో వచ్చాడు, కంట్రాక్టరుతోనే వెళ్లిపోయాడు. తానుగా కోరుకోని, తానుగా బాగుచేసుకోలేని వస్తువును మనిషి తనది అనుకోవడం కష్టం.

చిత్రమేమిటంటే మంచి నమూనా అప్పటికే మన చేతిలో ఉంది. 1950ల చివర నుంచి మద్రాసు దగ్గరి పూనమల్లి, బెంగాల్లోని సింగూర్, ఢిల్లీ దగ్గరి నజఫ్‌గఢ్ కేంద్రాల్లో పరిశోధనతోపాటు ఆచరణ అనే పద్ధతిలో పల్లెటూరి మరుగుదొడ్డి మీద కృషి జరిగింది. అక్కడ రూపొందిన బేసిన్ వాలుగా ఉంటుంది. దాని కింద వంపు తిరిగిన చిన్న గొట్టంలో సుమారు రెండు సెంటీమీటర్ల నీరు ఎప్పుడూ నిలిచి ఉంటుంది. ఆ కొంచెం నీరే వాసనకూ, ఈగలకూ అడ్డుగోడ. ఒక చెంబు, రెండు చెంబుల నీళ్లు పోస్తే చాలు, శుభ్రమవుతుంది. గుంట ఇంటికి కాస్త ఎడంగా ఉంటుంది. నమూనా సిద్ధంగా ఉన్నా ముప్పై ఏళ్లపాటు అది పల్లె గడప తొక్కలేదు. దాన్ని తీసుకెళ్లే దారి లేకపోవడమే కారణం.

ఆ దారి పశ్చిమ బెంగాల్లోని మేదినీపూర్ జిల్లాలో పడింది. ఇంగ్లీషువాళ్లు మిడ్నపూర్ అన్నది దీన్నే. మనవాళ్లకు ఈ జిల్లా కొత్త కాదు. రైల్వే వర్క్‌షాపు కోసం శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వెళ్లి తరతరాలుగా స్థిరపడిన తెలుగువాళ్లున్న ఖరగ్‌పూర్ ఆ జిల్లాలోనిదే. 2002 జనవరి 1న ఆ పెద్ద జిల్లా తూర్పు, పశ్చిమ మేదినీపూర్‌లుగా విడిపోయింది.

1990లో అక్కడ నరేంద్రపూర్‌లోని రామకృష్ణ మిషన్ లోకశిక్షా పరిషత్, యునిసెఫ్, రాష్ట్ర ప్రభుత్వం, జిల్లా పరిషత్ కలిసి ఒక పని తలపెట్టాయి. ఊరూరా ఉన్న యువజన సంఘాలను ఆధారం చేసుకున్నాయి. బ్లాకుల్లో శానిటరీ మార్ట్ అనే చిన్న అంగళ్లు పెట్టించాయి. అక్కడే సిమెంటు పలకలు, వరలు పోతపోస్తారు. బేసిన్, వంపు గొట్టం, సిమెంటు, ఇటుక, పనిచేసే మేస్త్రీ అన్నీ ఒక్కచోటే దొరుకుతాయి. మామూలు ఇంటివాడికి అంతకుముందున్న కష్టం ఏమిటో గ్రహిస్తే దీని విలువ తెలుస్తుంది. ఒక వస్తువుకు పట్నం, ఇంకోదానికి సంత, మేస్త్రీ కోసం పక్క ఊరు తిరగాలి. అంత తిరుగుడుకు పడేవాడు బాగా ఉన్నవాడే అయివుండాలి.

అసలు సంగతి అంగడి కన్నా మనుషుల్లో ఉంది. ఆ ఊళ్ల యువకులను, స్త్రీలను ఎంపిక చేసి శిక్షణ ఇచ్చారు. అంతవరకు సేవ అంటే ఇవ్వడం అనుకున్నవాడికి అమ్మడం నేర్పడం తేలిక కాదు. ముందు ఇంటికి వెళ్లి ఊరుకుని వినడం నేర్చుకోవాలి. ఇంట్లో దొడ్డి కావాలని ఎవరు కోరుకుంటున్నారు? కోడలా, ముసలి తండ్రా, పెళ్లీడుకొచ్చిన కూతురా? డబ్బు ఎప్పుడు చేతికొస్తుంది? పంట కోతలకా, కూలి డబ్బులకా? వద్దంటే ఎందుకు వద్దంటున్నారు? రోగాలు, క్రిములు అని ఉపన్యాసం చెబితే తల ఊపి పంపేవాళ్లు, మరుగు, సౌకర్యం, వానాకాలపు అవస్థ, అల్లుడి ముందు పరువు అంటే కూర్చోబెట్టి మాట్లాడతారు. మంచి వర్తకుడికి ఈ సంగతి ఎప్పుడూ తెలుసు. సేవకుడికి అది కొత్త పాఠం.

తాపీ మేస్త్రీలకు కూడా శిక్షణ ఇవ్వాలి. గుంట బావికి ఎంత దూరంలో ఉండాలి, వరల మధ్య సందు ఎక్కడ వదలాలి, వంపు గొట్టం సరిగా కూర్చోకపోతే నీరు ఎలా నిలవదు అన్నవి చేతితో నేర్చుకోవలసిన పనులు. ఒక ఊళ్లో మొదటి దొడ్డి పాడైతే ఆ ఊళ్లో రెండోది అమ్ముడుపోదు. కంట్రాక్టరుకు ఈ భయం ఉండదు, బిల్లు వచ్చేస్తుంది. ఆ ఊళ్లోనే బతకవలసిన మేస్త్రీకి ఉంటుంది.

ఇంటింటికీ తిరిగే కార్యకర్తకు, అమ్ముడైన దొడ్డికి ఇంత అని ప్రతిఫలం ఇచ్చేవారు. అదీ విమర్శకు గురైంది. పేదవాడికి అమ్మి లాభం తీసుకోవడమా అని అడిగినవారున్నారు. ప్రశ్న న్యాయమైనదే. దానికి మేదినీపూర్ రెండు జవాబులు చెప్పింది. ఒకటి, ధరల మెట్లు. అందరికీ ఒకే దొడ్డి అనకుండా, కొన్ని వందల రూపాయల పలక, గుంటలతో మొదలై కొన్ని వేల రూపాయల పక్కా కట్టడం దాకా రకరకాల నమూనాలు పెట్టారు. ఇవాళ తాటాకు మరుగు, నాలుగేళ్ల తర్వాత ఇటుక గోడ. మెట్టు మెట్టుగా ఎక్కవచ్చు. రెండోది, వాయిదాల మీద తీర్చే అప్పు. తిరిగి వచ్చిన సొమ్ము మరో ఇంటికి పెట్టుబడి.

ఈ అనుభవం దేశంలోని విధానాన్ని కదిలించింది. 1999లో సంపూర్ణ పారిశుధ్య ప్రచారం మొదలైనప్పుడు సబ్సిడీ తగ్గించి, ప్రజల కోరికకు పెద్దపీట వేసి, శానిటరీ మార్టులను కార్యక్రమంలో భాగం చేశారు. 2005లో మొదటిసారి ఇచ్చిన నిర్మల్ గ్రామ పురస్కారాల్లో బ్లాకు స్థాయిలో తూర్పు మేదినీపూర్‌లోని నందిగ్రామ్-2 బ్లాకు గౌరవం పొందింది.

అయితే దేశమంతటా మార్టులు మేదినీపూర్‌లా నడిచాయా అంటే, లేదనే చెప్పాలి. చాలాచోట్ల కొట్టు తెరిచారు, బోర్డు పెట్టారు. ఇంటింటికీ తిరిగే మనిషిని తయారుచేయడానికి పట్టే కాలాన్ని, ఓపికను మాత్రం ఖర్చులో చేర్చలేదు. కొన్నాళ్లకు కొట్టు మూతపడింది. బజారు దానంతట అది పల్లెకు నడిచి రాదు. దాన్ని తీసుకొచ్చే మనుషులను ముందు తయారుచేయాలి.

ఇక రెండో పాఠానికి మనకు మరింత దగ్గరి జిల్లాకు వద్దాం. 1936 వరకు మద్రాసు రాష్ట్రంలో ఉండి, ఆ ఏప్రిల్‌లో ఒడిశాలో చేరిన గంజాం జిల్లా. బరంపురం దగ్గరి మొహుదా కేంద్రంగా 1979 నుంచి గ్రామ వికాస్ అనే సంస్థ పనిచేస్తోంది. మద్రాసు నుంచి సహాయ పనుల కోసం వచ్చి అక్కడే నిలిచిపోయిన యువకులు దాన్ని స్థాపించారు. 1992లో వాళ్లు నీళ్లు, దొడ్ల పని మొదలుపెట్టి ఒక కఠినమైన షరతు పెట్టారు. ఊళ్లో ఒక్క కుటుంబం మిగిలిపోయినా పని ప్రారంభం కాదు. ధనికుడు, పేదవాడు, ఏ కులం వాడైనా అందరూ ఒప్పుకోవాలి. ఇంటికి సగటున వెయ్యి రూపాయల చొప్పున ఊరి నిధి కూడబెట్టాలి. ఉన్నవాడు ఎక్కువ వేస్తాడు, లేనివాడు తక్కువ వేస్తాడు. ఆ నిధి మీద వడ్డీతో తర్వాత కాపురం పెట్టే కొత్త కుటుంబాలకు దొడ్డి కట్టుకోవడంలో సాయం చేస్తారు. ప్రతి ఇంటికి దొడ్డి, పక్కనే స్నానాల గది, వంటింటికి సహా కుళాయి నీళ్లు. ఊరి యువకులకే తాపీ పని నేర్పారు.

ఇక్కడ బేరం ఒక్కో ఇంటితో జరగదు, ఊరంతటితో జరుగుతుంది. ఎందుకు? నూరిళ్ల ఊళ్లో తొంభై మంది దొడ్డి కొనుక్కుని పదిమంది చెరువుగట్టుకే వెళుతుంటే, ఆ చెరువు నీళ్లు అందరివీ. విడివిడిగా అమ్మే బజారుకు ఆ పదిళ్లు కనిపించవు. సాధారణంగా ఆ పదిళ్లు ఊరి చివరి వాడలోనే ఉంటాయి.

ఒడిశాలోనే జరిగిన రెండు పరిశీలనలు ఈ సంగతికి బలం చేకూర్చాయి. పూరీ జిల్లాలో నూరు గ్రామాలపై చేసిన ఒక పరిశీలన 2014లో వెలువడింది. ప్రచారం జరిగిన ఊళ్లలో దొడ్లున్న ఇళ్లు నూటికి 9 నుంచి 63కు పెరిగినా, పిల్లల అతిసారం తగ్గలేదు. గ్రామ వికాస్ ఊళ్ల మీద 2015లో వెలువడిన మరో పరిశీలన, అందరికీ దొడ్డి, ఇంటింటికీ నీళ్లు వచ్చినచోట చికిత్స అవసరమైన అతిసారం కేసులు 30 నుంచి 50 శాతం దాకా తగ్గాయని తెలిపింది. సగం ఊరు శుభ్రం కావడం, నీళ్లు లేని దొడ్డి, ఈ రెండూ సగం వైద్యం వంటివే.

ఈ పాఠాలు పల్లె అభివృద్ధికే పరిమితమా, ఆపద సమయంలోనూ పనికొస్తాయా అన్న ప్రశ్న రావచ్చు. 2010 జనవరి 12న హైతీ దేశంలో పెను భూకంపం వచ్చింది. రాజధాని పోర్ట్-ఓ-ప్రిన్స్‌లో అంతకుముందు నుంచీ ఎంతోమంది ట్యాంకర్ల వాళ్ల దగ్గర, వీధి కొట్ల దగ్గర బిందెల లెక్కన నీళ్లు కొనుక్కునేవారు. సహాయ సంస్థలు లారీలతో ఉచితంగా నీళ్లు పోశాయి. ప్రాణాలు నిలపడానికి అది అవసరమే. కానీ నెలల తరబడి సాగితే నీళ్ల కొట్టువాడి గతేమిటి? అతడు కొట్టు మూసేశాక లారీ కూడా ఆగిపోతే, నీళ్లు ఎవరిస్తారు? ఆ ఏడాదే సహాయ కార్యకర్తల కోసం ఎమ్మా అనే పేరుతో పది అంచెల మార్గదర్శిక పుస్తకంగా వచ్చింది. కార్యకర్త ఒక కాగితం మీద ఆపదకు ముందు సరుకు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లేదో గీయాలి. ఆపద తర్వాత ఏ లంకె తెగిందో రెండో కాగితం మీద గీయాలి. రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. బావి చెడిందా, ట్యాంకరుకు డీజిల్ లేదా, కొనేవాడి చేతిలో డబ్బు లేదా? ఒక్కోదానికి మందు వేరు. అన్నిటికీ లారీ నీళ్లే మందు అనుకోకూడదన్నది ఆ శిక్షణ సారాంశం. అలాగే, కొనే శక్తి పూర్తిగా పోయినవాడికి ఉచితంగా ఇవ్వడమే ధర్మం. బజారు పేరు చెప్పి అక్కడ చేయి ముడుచుకోవడం సేవకుడు చేయదగిన పని కాదు.

మన దేశానికి మళ్లీ వస్తే, 2014 అక్టోబర్ 2న స్వచ్ఛ భారత్ మొదలై, పల్లెల్లో అర్హత గల ఇంటికి 12 వేల రూపాయల ప్రోత్సాహకం ఇచ్చింది. 2019లో పల్లెలన్నీ బహిరంగ మలవిసర్జన లేనివని ప్రభుత్వం ప్రకటించింది. 2019 - 21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మాత్రం దేశంలో నూటికి 19 ఇళ్లకు ఇంకా దొడ్డి సౌకర్యం లేదని తేలింది. కట్టినవాటికి కూడా కొత్త ప్రశ్న ఎదురవుతోంది. గుంట నిండితే ఎవరు తీస్తారు? రెండు గుంటలుంటే ఒకటి నిండాక మూసి, రెండోది వాడుతూ, మొదటిదాన్ని ఒకటి రెండేళ్లు వదిలేస్తే అందులోది ఎరువుగా మారుతుంది. ఇది ఇంటివాడికి చెప్పే మనిషి లేకపోతే, ఆ భారం మళ్లీ పాత కులాల నెత్తినే పడుతుంది. చట్టం నిషేధించిన పని దొడ్డిదారిన తిరిగి వస్తుంది.

కాబట్టి శ్రోతలారా, మీ ఊరికి నీళ్ల పథకమో, దొడ్ల పథకమో తీసుకుని ఎవరైనా వస్తే మూడు మాటలు అడగండి. పగిలిన బేసిన్‌కు బదులు మన సంతలో దొరుకుతుందా? మా ఊరి మేస్త్రీకి ఈ పని నేర్పుతారా? చివరి వాడలోని ఇంటికి డబ్బు లేకపోతే ఏం చేస్తారు? మేదినీపూర్ మొదటి రెండు ప్రశ్నలకు జవాబు చూపింది, గంజాం మూడోదానికి. ఈ మూడింటికీ జవాబు చెప్పగలిగిన కార్యకర్తను కుర్చీ వేసి కూర్చోబెట్టి, చివరిదాకా వినండి.