ఆక్సలేట్: పులిచింత నుంచి కిడ్నీ దాకా

వేములపల్లి వైపు సాగర్ ఎడమ కాలువ కింద తడి గట్ల మీద పులిచింత మొలుస్తుంది. మూడేసి ఆకులు, చిన్న పసుపు పూలు, నమిలితే పులుపు. శాస్త్రంలో దాని పేరు ఆక్సాలిస్. గ్రీకులో ‘ఆక్సిస్’ అంటే పులుపు, పదును. ఈ జాతి మొక్కల్లో దొరికిన ఆమ్లం ఆక్సాలిక్ ఆమ్లమైంది, దాని లవణం ఆక్సలేట్. ఆక్సిజన్ అన్న పేరుకూ మూలం ఆ గ్రీకు మాటే.

ఇప్పుడు ఆక్సలేట్ అన్న మాట ఎక్కువగా కిడ్నీ రాళ్ల రిపోర్టుల్లో ‘కాల్షియం ఆక్సలేట్’గా కనిపిస్తుంది. విటమిన్ సి ఒంట్లో విచ్ఛిన్నమైనప్పుడు కొంత ఆక్సలేట్‌గా మారుతుంది. దాన్ని బయటికి పంపేది కిడ్నీలే. మూత్రం చిక్కబడితే అది కాల్షియంతో కలిసి రాయి కడుతుంది. 1000 మిల్లీగ్రాముల విటమిన్ సి బిళ్లతో పోలిస్తే ఒక జామకాయతో వచ్చే సి తక్కువే. ఒకసారి రాయి వచ్చినవాళ్లు మాత్రం ఆ బిళ్లలు డాక్టరును అడగకుండా రోజూ మింగొద్దు.