శుక్రవారం నాడు ఆదివారం

(వాడ దాటిన దారులు – 11)

ఈ భాగానికి ఫోటో లేదు. తీసుకున్నది ఉంది గానీ పెట్టడం లేదు. కారణం చెప్తాను.

పోయిన చలికాలం రెండు రోజులు కువైట్ పోయొచ్చాను. గురువారం రాత్రి చెన్నైలో ఎక్కాను, శనివారం రాత్రి తిరుగు విమానం. నాతోపాటు హాస్టల్లో చదువుకున్న ఇద్దరు, నాకు అక్క వరసయ్యే ఒకామె ఆడ ఉన్నారు. పేర్లు రాయను. కువైట్‌లో మనోళ్ళు ఒకర్నొకరు ఊరి పేరుతోనే పిలుచుకుంటారు, నేనూ అట్లే రాస్తాను. ప్రొద్దుటూరు సరుకు వ్యాను తోల్తాడు. పులివెందుల ఒక ఇంట్లో డ్రైవరు. జమ్మలమడుగక్క ఇంకో ఇంట్లో వంటమనిషి.

కువైట్‌లో వారం సెలవు శుక్ర, శనివారాలు. 2007కు ముందు గురు, శుక్రవారాలుండేది. ఇది ఆఫీసులోళ్ళ లెక్క. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకు 2015 దాకా ప్రత్యేక చట్టమే లేదు. ఆ ఏడాది వచ్చిన 68వ నంబరు చట్టం వారానికొక రోజు సెలవు, రోజుకు 12 గంటలు మించని పని, ఏడాదికి నెల రోజుల జీతం సెలవు ఇవ్వాలంది. ఆ మరుసటేడు కనీస జీతం 60 దినార్లని పెట్టారు. అక్కకు మాత్రం సెలవు రెండు వారాలకొకసారే వస్తుంది. నేను పోయిన శుక్రవారం ఆమె సెలవు దినం.

పొద్దున్నే మాలియాకు పోయాము. కువైట్ సిటీలో మనోళ్ళు కలుసుకునే చోటది. ఆ రోడ్డు మీద నిలబడితే ప్రొద్దుటూరు గాంధీరోడ్డులో నిలబడినట్టే ఉంటుంది. అంతా మన సీమ మాటే. ఒక పెద్దాయన ‘ఏ ఊరప్పా’ అన్నాడు. జమ్మలమడుగు అన్నాను. ‘జమ్మలమడుగులో యాడ?’ చెప్పాను. ‘ఆ పక్కన యే ఈది?’ మూడో ప్రశ్నకు ఆయనకు కావలసింది దొరికింది. తర్వాత ప్రశ్నలు లేవు. మూడున్నర వేల కిలోమీటర్లు సముద్రం మీద ఎగిరొచ్చినా ఆ మూడో ప్రశ్న మనకంటే ముందే దిగి కూర్చోనుంటుంది.

అక్కడికి దగ్గరే చర్చి కాంపౌండు. కువైట్ నేషనల్ ఎవాంజెలికల్ చర్చి అంటారు. మలయాళం, తమిళం, అరబ్బీ, ఫిలిప్పీనోల భాష, ఇంకా ఎన్నో భాషల సంఘాలు గంటల లెక్కన హాళ్ళు పంచుకుంటాయి. తెలుగు సంఘం కూడా ఉంది. ఆదివారం పని దినం కాబట్టి ఆరాధన శుక్రవారం పెట్టుకుంటారు. మసీదుల్లో జుమ్మా నమాజు జరిగే రోజే మనోళ్ళకు ఆదివారం.

ఆ కాంపౌండు పుట్టుక తెలుసుకుంటే నాకు మా ఊరే కనపడింది. అమెరికాలో రిఫార్మ్డ్ చర్చి వాళ్ళు 1889లో అరేబియన్ మిషన్ అని ఒకటి పెట్టుకున్నారు. కువైట్‌లో 1914లో ఆసుపత్రి తెరిచారు. అంతకు ముందే, 1912లో, ఎలినార్ కాల్వర్లీ అనే డాక్టరమ్మ వచ్చి ఆడవాళ్ళకు వైద్యం మొదలుపెట్టింది. 1931లో చర్చి కట్టారు. చమురు ఓడలకెక్కింది 1946లో. అప్పటికి ఆ ఊరికి బతుకు ముత్యాల వేట, పడవల వ్యాపారం. ఆసుపత్రి 1967లో మూతపడింది. ఆ భవనాన్ని ఇప్పుడు ‘అమ్రికానీ’ అని సాంస్కృతిక కేంద్రం చేశారు.

ఇక మా జమ్మలమడుగు. లండన్ మిషన్ వాళ్ళు కడపకు 1822లోనే వచ్చారు. ముప్పై ఏళ్ళు వాళ్ళ మాట విన్నవాళ్ళు కొద్దిమందే. 1850ల నుంచి మాలవాడలు కదిలాయి. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు చుట్టూ నల్లరేగడి, పత్తి పండే నేల. మా పెద్దోళ్ళు కూలికి పొయ్యేది, ముతక గుడ్డ నేసేది. తర్వాత ధాత నామ సంవత్సరపు కరువు, 1876-78. కరువు పనుల్లో మగమనిషికి రోజుకు ఒక పౌను గింజలు, ఒక అణా ఇచ్చిన ప్రభుత్వమది. పౌనంటే అర కిలోకు కూడా తక్కువ. 1890ల్లో డాక్టర్ క్యాంప్‌బెల్ వచ్చి ఆసుపత్రి పని నిలబెట్టాడు. ఈ రోజుకీ అది క్యాంప్‌బెల్ ఆసుపత్రే.

అన్నం కోసం మతం మారారని మమ్మల్ని ఇప్పటికీ ఎగతాళి చేస్తారు. అన్నం కోసమే అనుకుందాం. ఆ అన్నం పక్క వీధిలో ఎందుకు దొరకలేదో ఎగతాళి చేసేవాళ్ళు చెప్పరు. నేను చూసే లెక్క వేరే. మా వాడకు మొదటి విదేశం మిషన్ కాంపౌండే. పాస్‌పోర్టు లేకుండా, ఓడ ఎక్కకుండా, పెన్నేరు కూడా దాటకుండా వలసపోయారు. గేటు దాటితే బెంచీ మీద కూర్చోవచ్చు, పలక పట్టొచ్చు, డాక్టరు నాడి పట్టుకుని చూస్తాడు. గేటు బయట మళ్ళీ చెప్పులు చేతిలోకి.

ఆ వలసకు ఒక వీసా రుసుం ఉంది. రెండు పేర్లు.

ఇంట్లో పిలిచే పేరొకటి, బడి రిజిస్టరులో పేరొకటి. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులు కాని వాళ్ళను ఎస్సీలుగా లెక్కించొద్దంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులైన దళితులు అట్లే బయట. మన రాష్ట్రంలో వాళ్ళు బీసీ–సి, ఒక శాతం. 1985లో సూసై అనే చెప్పులు కుట్టే మనిషి సుప్రీంకోర్టు దాకా పోయి ఓడిపోయాడు. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ వీళ్ళకు ఎస్సీ హోదా ఇమ్మని తీర్మానం చేసి కేంద్రానికి పంపింది. అది ఢిల్లీలో ఉంది.

జమ్మలమడుగక్క వాళ్ళమ్మ 1990 ఆగస్టులో కువైట్‌లోనే ఉండేది. సద్దాం సైన్యం దిగినాక బాగ్దాదు మీదుగా బస్సులో అమ్మాన్ చేరి, ఆ ఎడారి శిబిరంలో విమానం కోసం కూర్చుంది. ఎయిరిండియా విమానాలు రెండు నెలల్లో లక్ష మందికి పైగా తెచ్చినాయి. ఒక రోజు జాబితాలో పేరు పిలిచారంట. ఆమె పలకలేదు. పిలిచింది కాగితం మీది పేరు; ఆ పేరు తనదని ఆమెకు ఠక్కున తోచలేదు. ఆ విమానం పోయింది. ఇంకో నాలుగు దినాలు ఆడనే. అక్క ఈ కథ నవ్వుకుంటా చెప్పింది. నాకు నవ్వు రాలేదు.

ఆరాధన అయినాక కాంపౌండులో నలుగురం నిలబడి ఫోటో దిగినాము. వెనక చర్చి బోర్డు తెలుగులో స్పష్టంగా పడింది. భలే ఉంది ఫోటో. సాయంత్రం రూములో బిర్యానీ తింటుండగా పులివెందుల నా పక్కకొచ్చి కూర్చున్నాడు.

‘నా, ఆ ఫోటో ఫేస్‌బుక్కులో పెట్టద్దు నా.’

‘ఎందుకుబ్బీ?’

‘బిడ్డ ఇంజనీరింగ్‌లో ఉండాది. సర్టిఫికెట్ మీద ఎవుడన్నా అర్జీ పెడితే?’

వాడి భయం ఊరికే కాదు. 2024 నవంబరు 26న, సరిగ్గా రాజ్యాంగ దినాన, సుప్రీంకోర్టు ఒక తీర్పిచ్చింది. పుదుచ్చేరిలో బాప్తిస్మం ఉండి చర్చికి పోతూ, ఎస్సీ సర్టిఫికెట్ అడిగిన ఒకామె కేసు. రిజర్వేషన్ కోసం మతం చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చేయడమే అన్నారు. ఆ వార్త కువైట్ రూముల్లో వాట్సాప్ తిరిగింది.

‘నువ్వు బాప్తిస్మం తీసుకున్యావా?’ అన్నాను.

‘లేదు నా. ఊర్లో ఎప్పుడన్నా చర్చికి పొయినానా నేను? ఈడ వారమంతా అరబ్బీలోనే తిట్లు. తెలుగులో పాట వినపడేది ఆడొక్కచోటే. అందుకు పోతా.’

ప్రొద్దుటూరు పక్కనుంచి, ‘మాలియాలో ఆ ముసిలోడు మూడు ప్రశ్నల్లో పట్టుకున్న్యాడు. వాడు మతం అడిగినాడా?’ అన్నాడు. ఎవరూ బదులు చెప్పలేదు. వాడే ఇంత బిర్యానీ నా పళ్ళెంలో వేశాడు.

అక్క నాతో ఒక అట్టపెట్టె పంపింది. పాలపొడి, ఖర్జూరాలు, కోడాలి తైలం, మనవడికి బూట్లు. కింది వారం జమ్మలమడుగు పోయి ఇచ్చొచ్చాను. ఆమె పుట్టింది క్యాంప్‌బెల్ ఆసుపత్రిలోనే. దారిలో గేటు ముందర బండి ఆపి కాసేపు నిలబడినాను. ఫోటో తీద్దామనుకుని, తీయకుండా వచ్చేశాను.

వచ్చే వారం: కడప నుంచి కువైట్ పోయిన ఆడవాళ్ళ పాస్‌పోర్టులు ఎవరి బీరువాల్లో ఉన్నాయో రాస్తాను.

జై భీమ్.