సరస్సు ఒడ్డున గుడారము

హిమాలయ సరస్సుల సౌందర్యమును వర్ణించినవారు మన దేశమున అనేకులు. ఆ సరస్సుల ఒడ్డున వెలసిన గుడారములను గూర్చి విచారించినవారు మాత్రము అరుదు. గుడారము నిలుకడ లేని వస్తువు. సాయంకాలము లేచి, తెల్లవారగనే మడతలలోనికి పోవును. కోటవలెను, దేవాలయమువలెను తన ఉనికికి సాక్ష్యమును మిగిల్చిపోదు. అందుచేత చరిత్రకారుని దృష్టి దానిపై సులభముగా నిలువదు. అయినను ఒక్క ప్రశ్న వేసినచో ఆ గుడ్డ ఇంటికిని పెద్ద చరిత్రయే కలదని తెలియును. బండి బాట లేని కొండమీదికి, దట్టమైన అడవిలోనికి, దానిని మోసినవారెవరు?

ఈ ప్రశ్న ఆంగ్లేయుల కాలమున పుట్టినది కాదు. మొగలు చక్రవర్తులు వేసవిలో కాశ్మీర సరస్సులను చూడబోవునపుడు వారికి రెండు జతల డేరాలుండెడివి. చక్రవర్తి ఒక విడిదిలో ఉండగా రెండవ జత ముందుగా సాగి తరువాతి మజిలీలో సిద్ధమగుచుండెడిది. దీనిని పేష్‌ఖానా అనెడివారు. 1665లో ఔరంగజేబు పరివారముతో కాశ్మీరమునకు ప్రయాణించిన ఫ్రెంచి వైద్యుడు బెర్నియే, కొండలు మొదలగు భింబర్ వద్ద ఏనుగులలోను ఒంటెలలోను ఎక్కువ భాగమును వెనుక నిలిపి, బరువులను మనుష్యుల తలలకెత్తిన విధమును వ్రాసినాడు. అచ్చట అప్పటికే 15 వేలకు పైగా మోతగాండ్రు చేరియుండిరని అతడు విన్నాడు. కొందరు నాలుగు కాసుల ఆశతో తమంత తామే వచ్చినవారు. తక్కినవారిని కాశ్మీరపు సుబేదారును, చుట్టుపట్ల రాజులును పంపిరి. పంపబడినవారి ఇష్టానిష్టములను అడిగినవారు లేరు.

కుమావూఁ ప్రాంతపు నైనీతాల్ సరస్సు కథను ఈ దృష్టితో చూడవలెను. సముద్రమట్టమునకు ఆరువేల అడుగులకు పైగా ఎత్తున, సిందూర వృక్షములతోను దేవదారువులతోను నిండిన కొండల నడుమ ఆ నీరు నిలిచియున్నది. అత్రి, పులస్త్య, పులహులను మువ్వురు ఋషులు దానిని సృష్టించిరని స్థలపురాణము. త్రిఋషి సరోవరమని దానికి పేరు. ఒడ్డున నైనాదేవి కోవెల. చుట్టుపట్ల గ్రామములవారు పశువులను మేపుకొనుటకును, ఏటేట అమ్మవారి తిరునాళ్లకును అచ్చటికి వచ్చెడివారు. 1815లో కుమావూఁ ఆంగ్లేయుల వశమైన తరువాత కమీషనరుగా నుండిన ట్రెయిల్ ఆ సరస్సును చూచియు, ప్రజల భక్తికి భంగము కలుగునను శంకతో తనవారికి దాని జాడ చెప్పలేదని అందురు.

ఆ జాడను లోకమునకు వెల్లడించినవాడు షాజహాన్‌పూరు దగ్గర చక్కెర వ్యాపారము చేయుచుండిన బ్యారన్ అనువాడు. వేటయందును, కొండలలో విడిదులు వేయుటయందును అతనికి మిక్కిలి ఆసక్తి. ‘యాత్రికుడు’ అను మారుపేరుతో 1840 తరువాతి సంవత్సరములలో అతడు ప్రకటించిన వ్రాతలవలననే ఈ సరస్సునకు ఆంగ్లేయులలో ప్రసిద్ధి కలిగినది. ఆ వ్రాతలలో ఒక ఘట్టము మనము మరువరానిది. దారి చూపుమని కోరగా ఒక కొండవాడు తనకు సరస్సు సంగతి తెలియదన్నాడు. అంతట బ్యారన్ ఒక పెద్దరాతిని వాని తలపైకెత్తించి, సరస్సు వద్ద రాళ్లు దొరకవు గనుక దీనిని అచ్చటికి జాగ్రత్తగా చేర్పవలెనని ఆజ్ఞాపించినాడు. కొంత దూరము మోసిన పిమ్మట, అచ్చట రాళ్లకేమి కొదువ అని ఆ అమాయకుడు నోరు జారినాడు. రహస్యము బయటపడినది.

దీనిని చదివిన ఆంగ్ల పాఠకులు నవ్వుకొనియుందురు. వారు గమనింపని విషయమొకటి కలదు. ఒక పరదేశి తలచుకొన్నంతనే దారిన పోవు రైతు తలపై బరువు పెట్టవచ్చును. ఆ రైతు కాదనలేడు. ఆ యుక్తి ఫలించుటకు ఈ అలవాటే ఆధారము. పిమ్మట బ్యారన్ ఒక పడవను సైతము కొండమీదికి మోయించినాడు. సరస్సును, చుట్టుకొండలును తనవని చెప్పుకొనుచుండిన నరసింగు అను గ్రామాధికారిని ఆ పడవలో నడినీటికి తీసికొనిపోయి, హక్కు వదలుకొనుచున్నట్లు వ్రాతపై సంతకము చేయనిచో అచ్చటనే దింపివేతునని బెదరించినాడు. ఈత రాని నరసింగు సంతకము చేసినాడు.

ఆ తరువాత గుడారములు బంగళాలైనవి. 1862లో నైనీతాల్ వాయవ్య పరగణాల ప్రభుత్వమునకు వేసవి రాజధాని అయినది. చెట్లు నరికి వాలులపై ఇండ్లు కట్టిరి. 1880 సెప్టెంబరు 18వ తేదీన, ఎడతెగని వర్షముల నడుమ కొండచరియ విరిగిపడి 151 మంది మరణించిరి. ఒక హోటలును, అమ్మవారి కోవెలయు ఆ మట్టిలో కలిసిపోయినవి. నేడు యాత్రికులు విహరించు మైదానమును విశాలము చేసినది ఆ విరిగిన కొండమట్టియే.

పట్టణము పెరిగినకొలది అడవిలో విడిదులును పెరిగినవి. జిల్లా అధికారి పర్యటన, అటవీశాఖవారి తనిఖీ, దొరల వేట, పర్వతారోహకుల యాత్ర, అన్నిటికిని గుడారమే ఇల్లు. కుమావూఁలో దీనికొరకు మూడు విధముల నిర్బంధముండెడిది. కూలీ ఇయ్యకయే బరువు మోయించుట బేగారు. పేరునకు కొంత రేటు నిర్ణయించి మోయించుట ఉతారు. విడిదికి కావలసిన పాలు, నెయ్యి, కట్టెలు, గుఱ్ఱములకు గడ్డి సమకూర్చుట బర్దాయిషు. భూమి కలిగిన ప్రతి కుటుంబమును ఈ బాధ్యతకు లోబడినదే. గ్రామ ప్రధానుని వద్ద ఒక చిట్టా ఉండెడిది. అందలి వరుసను బట్టి వంతు వచ్చిన దినమున, నాట్లయినను కోతలైనను, పని విడిచి పోవలసినదే. గూర్ఖాల కాలమునాటి ఈ ఆచారమును ఆంగ్లేయులు మాన్పలేదు. లెక్కలలోనికెక్కించి క్రమబద్ధము గావించిరి. ట్రెయిల్ కంచరగాడిదలను పెంచి ఈ భారమును తగ్గింపజూచినాడు గాని ఆ యత్నము నిలువలేదు.

అవమానము బరువుకంటె భారమైనది. సొంత పొలము గల రైతు, గ్రామములో గౌరవము గలవాడు, పరుల పెట్టెలనెత్తుకొని తన ఇంటి ముందునుండియే నడువవలసివచ్చెడిది. 1916లో స్థాపితమైన కుమావూఁ పరిషత్తును, 1918లో అల్మోడాలో వెలువడిన ‘శక్తి’ పత్రికయు ఈ బాధకు మాట నిచ్చినవి. 1921 జనవరిలో ఉత్తరాయణ పుణ్యకాలమున, సరయూ గోమతుల సంగమమైన బాగేశ్వరమునకు తిరునాళ్లకు వచ్చిన వేలాది జనమునకు బద్రీదత్ పాండే మొదలగు నాయకులు తమ నిశ్చయమును తెలిపిరి. జనులు సరయూ జలమును చేతబట్టి ఇక బేగారు చేయమని ప్రతిజ్ఞ చేసిరి. గ్రామ ప్రధానులు తమ చిట్టాలను తెచ్చి నదిలో విడిచిపెట్టిరి. అధికారులును పోలీసులును అచ్చటనే ఉండిరి. తుపాకి మాత్రము పేలలేదు. ఆ ఏటనే ప్రభుత్వము ఈ ఆచారమును విడిచిపెట్టవలసివచ్చినది.

వెట్టి అను మాట తెలిసిన తెలుగువారికి ఇది పరాయికథ కాదు. గూడెం కొండలలో రోడ్డు పనులకు మన్యము ప్రజలను చాలని కూలికి నిర్బంధించుట, 1922లో అల్లూరి సీతారామరాజు నాయకత్వమున లేచిన తిరుగుబాటునకు కారణములలో ఒకటి. తెలంగాణమున 1946లో మొదలైన రైతాంగ పోరాటమునకు వెట్టిచాకిరి ముఖ్యమైన ప్రేరణ. మరియొక విచిత్రము కూడ కలదు. మన భాషలో కూలి అనగా చేసిన పనికి రావలసిన ప్రతిఫలము. కుమావూఁ కొండలలో ఆ మాట ప్రతిఫలము లేకయే బరువు మోయు మనిషికి పేరైనది.

నేడు ఆ కొండలు ఉత్తరాఖండ రాష్ట్రములోనివి. నైనీతాలునకు సమీపముననే సాత్‌తాల్, భీమ్‌తాల్ ఒడ్డుల యందు వేసవి వచ్చిన గుడారములు లేచుచున్నవి. యువకులు పలువురు తమ మూటలను తామే మోసికొనుచున్నారు. మోతగాడు అవసరమైనచోట అతడు ధర చెప్పును. నచ్చనిచో రానని చెప్పి ఇంటికి పోవును. రానని చెప్పగలుగుట చిన్న విషయముగా తోచవచ్చును. సరయూ నదిలో చిట్టాలు విడిచినవారు కోరినది అంతమాత్రమే. అది దొరకుటకు ఆ కొండవారికి నూరేండ్లకు పైగా పట్టినది.