ఫార్మసిస్టుల పరిశోధక వృత్తి మార్గం (ఐర్లాండ్)

రోగికి మందులిచ్చే పనిని వదలకుండానే పరిశోధన, బోధన చేపట్టే ఫార్మసిస్టుల వృత్తి మార్గం ఇది. ఐర్లాండ్‌లోని ఫార్మసీ విద్యాలయాల్లో రెండు, రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ (ఆర్‌సీఎస్‌ఐ), ట్రినిటీ కళాశాల, డబ్లిన్‌లో ఉన్నాయి. మరొకటి కార్క్ విశ్వవిద్యాలయ కళాశాల. 2015 నుంచి అక్కడి ఫార్మసీ చదువు ఐదేళ్ల సమీకృత ఎం.ఫార్మ్‌గా మారింది.

ఈ మార్గం విలువ తెలియాలంటే కార్క్ చూడాలి. వృద్ధులకు తగని మందులనూ, ఇవ్వాల్సి ఉండీ ఇవ్వని మందులనూ గుర్తించే స్టాప్/స్టార్ట్ ప్రమాణాలు అక్కడే రూపొంది 2008లో వెలువడ్డాయి. వైద్యులు పాల్ గాలగర్, డెనిస్ ఓ'మాహనీలతో ఫార్మసిస్టులు క్రిస్టీన్ రయన్, స్టీఫెన్ బర్న్ కలిసి పనిచేశారు. మొదట 87 ఉన్న ప్రమాణాలు 2015 నాటికి 114కు, 2023లో 190కి పెరిగాయి. రయన్ తర్వాత ట్రినిటీలో ఆచార్యులయ్యారు. వార్డులో పుట్టిన ప్రశ్న అనేక దేశాల వైద్యానికి పనికొచ్చిందంటే, ఆ ప్రశ్న అడిగేవారికి తీరిక, జీతం, మార్గదర్శి దొరకాల్సిందే. డాక్టరేట్ కోసం వార్డు వదిలివెళ్లే పరిస్థితి రెండు వైపులా నష్టమే.

భారతదేశంలో 2008లో మొదలైన ఆరేళ్ల ఫార్మ్.డి. కోర్సు తెలుగు రాష్ట్రాల కళాశాలల్లోనూ ఉంది. ఆ పట్టాతో ఈ మార్గం కోసం ఐర్లాండ్ వెళ్లేవారు ఫార్మసిస్టుగా పనిచేయాలంటే ముందు అక్కడి నియంత్రణ సంస్థ ఫార్మాస్యూటికల్ సొసైటీ గుర్తింపు పొందాలి.