పేరు మార్చితే సరిపోతుందా? అమృతధార కేసు కథ
బ్రాండ్ పేరులో ఒక్క అక్షరం మార్చి ఆన్‌లైన్‌లో అమ్మేస్తుంటారు కదా. "పేరు వేరేగా, కేసేంటి?" అంటారు. దీనికి సుప్రీంకోర్టు 1962లోనే జవాబు చెప్పేసింది.

తలనొప్పి, విరేచనాలకు వాడే మందు అమృతధార. అదే పనికి లక్ష్మణధార అనే మందు వచ్చి, 1950లో రిజిస్ట్రేషన్ అడిగింది. కోర్టు ఏమందంటే, పక్కపక్కన పెట్టి పరీక్షగా చూస్తే తేడా తెలుస్తుంది. కానీ మామూలు మనిషి అలా కొనడు, లీలగా గుర్తున్న పేరుతో కొంటాడు. కాబట్టి రెండూ ఒకేలా అనిపించే పేర్లే! అయితే అమృతధార వాళ్లు ఏళ్ల తరబడి తెలిసీ ఊరుకున్నారు. అందుకే లక్ష్మణధారను ఉత్తరప్రదేశ్ వరకే అమ్ముకోనిచ్చింది.

నేనైతే ఈ తీర్పు మన ఫోన్ల కోసమే రాశారంటాను. చిన్న ఫోటో చూసి, స్క్రోల్ చేస్తూ కొనేస్తాం. మన గుర్తు ఇంకా లీల!

రీసెల్లింగ్ చేసే ఫ్రెండ్స్, ఇది మీకే. "నేను తయారు చేయలేదు, అమ్మానంతే" అంటే కుదరదు. 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం 104వ సెక్షన్ ప్రకారం నకిలీ మార్కు సరుకు అమ్మినా 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. తగిన జాగ్రత్త తీసుకున్నానని, సరుకు ఎవరిచ్చారో చెప్పానని నిరూపించుకోవాల్సింది మీరే. బిల్లు ఇవ్వని సప్లయర్ దగ్గర కొంటే ఏం చూపిస్తారు?